పంట కాలువలలో పరదేశి మొక్కల వ్యాప్తి

మనుషులు తవ్వించిన పంట కాలువలు, మురుగు కాలువలు, పడవల కాలువల వెంట ఇతర దేశాల నుంచి వచ్చిన మొక్కలు స్థిరపడి, ఊరి నుంచి ఊరికి, ఒక నది నుంచి మరొక నదికి విస్తరించడం ప్రపంచమంతటా కనిపించే విషయం. ఆంధ్ర ప్రదేశ్‌లోని కృష్ణా, గోదావరి డెల్టా కాలువలలో పెరిగే గుర్రపుడెక్క దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. కాలువ నీటిని మోసినట్లే విత్తనాలను, కాడల తునకలను కూడా మోస్తుంది. అందువలన ఒక చోట మొదలైన మొక్క కొద్ది సంవత్సరాలలోనే కాలువ పొడవునా పరచుకోగలదు. దీని నష్టం ఎక్కువగా కాలువ చివరనున్న శివారు భూముల రైతులపైన, కాలువ నీటినే తాగునీరుగా వాడుకునే గ్రామాలపైన పడుతుంది.

పరదేశి మొక్క అంటే

ఒక ప్రాంతంలో సహజంగా పుట్టి పెరిగిన మొక్కను ఆ ప్రాంతపు స్వదేశీ మొక్క అంటారు. మనుషుల వలన, తెలిసి గాని తెలియక గాని, వేరే ప్రాంతం నుంచి వచ్చి చేరినది పరదేశి మొక్క. పరదేశి మొక్కలన్నీ హానికరమైనవి కావు. మిరప, టమాటా, బొప్పాయి, జామ, వేరుశనగ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అవి మనిషి నాటిన చోట, మనిషి సంరక్షణలో పెరుగుతాయి. కొన్ని మాత్రం ఎవరూ నాటకుండానే వ్యాపించి, అక్కడి మొక్కలను అణచివేసి, నీటిని, నేలను ఆక్రమించుకుంటాయి. వీటిని ఆక్రమణ మొక్కలు అంటారు.

కాలువకు అడ్డం వచ్చే ప్రతి మొక్కా పరదేశి కాదు. జమ్ము, తామర, కలువ, తూటికూర మొదలైనవి ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నవి. జమ్ము కూడా మురుగు కాలువలలో దట్టంగా పెరిగి నీటిని ఆపుతుంది. కాని స్వదేశీ మొక్కను తినే పురుగులు, దానికి వచ్చే తెగుళ్ళు, దానితో పోటీపడే ఇతర మొక్కలు అదే నేలలో ఉంటాయి. పరదేశి మొక్క తన శత్రువులను పుట్టినచోటనే వదిలి వస్తుంది. ఆక్రమణకు ఇది ఒక ముఖ్య కారణం.

ఏది స్వదేశీ, ఏది పరదేశి అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. భారతదేశపు చెరువులలో సహజంగా పెరిగే హైడ్రిల్లా అనే నీటి నాచు మొక్కను 1950లలో అక్వేరియం వ్యాపారులు శ్రీలంక నుంచి అమెరికాలోని ఫ్లోరిడాకు తీసుకువెళ్ళారు. 1960లో మయామీ సమీపంలోని ఒక కాలువలో అది బయట పెరుగుతున్నట్లు గుర్తించారు. తరువాతి కాలంలో అది ఆ రాష్ట్రపు కాలువలకు, సరస్సులకు అతి పెద్ద బెడదలలో ఒకటిగా మారింది. మనకు గుర్రపుడెక్క ఎటువంటిదో ఫ్లోరిడా వారికి హైడ్రిల్లా అటువంటిది.

కాలువ ఎందుకు అనువైనది

సహజమైన నదిలో వరదలు వస్తాయి, వేసవిలో నీరు తగ్గుతుంది, లోతు, వేగం, అడుగు నేల చోటుచోటుకు మారుతుంటాయి. ఈ మార్పులను తట్టుకోలేని మొక్కలు నదిలో ఎక్కువకాలం నిలువవు. కాలువలో పరిస్థితి వేరు. దానికి ముఖ్యమైన కారణాలు ఇవి:

* కాలువ నీరు నెమ్మదిగా, దాదాపు ఒకే వేగంతో ప్రవహిస్తుంది. లాకులు, షట్టర్లు, వంతెన ఖానాల వద్ద ఇంకా నెమ్మదిస్తుంది. తేలే మొక్కలు అక్కడ ఆగి పెరుగుతాయి.
* కాలువలు ఎక్కువగా చెట్ల నీడ లేకుండా ఎండకు తెరిచి ఉంటాయి.
* పొలాల నుంచి కొట్టుకువచ్చే ఎరువులు, ఊళ్ళ మురుగునీరు, చేపల, రొయ్యల చెరువుల నుంచి వదిలే నీరు కలిసి కాలువలో నత్రజని, భాస్వరం పెరుగుతాయి. నీటి మొక్కలకు ఇవే ఆహారం.
* కొత్తగా తవ్విన కాలువ గట్టు ఖాళీ నేల. అక్కడ ముందుగా చేరిన మొక్కదే పైచేయి.
* కాలువ ఒకదానితో ఒకటి సంబంధం లేని నీటి వనరులను కలుపుతుంది. కొండలు, మెరకలు అడ్డుగా ఉండి సహజంగా చేరలేని చోటికి మొక్క కాలువ ద్వారా చేరుతుంది.
* పడవలు, వలలు, పూడికతీత యంత్రాలు, పశువులు మొక్కల తునకలను ఎగువకు కూడా చేరుస్తాయి. నీరు ఒక్క దిగువకే మోస్తుంది, మనిషి రెండు వైపులకూ మోస్తాడు.

అనేక నీటి మొక్కలకు విత్తనం కూడా అవసరం లేదు. విరిగిన కాడ ముక్క ఒక్కటి చాలు, దాని నుంచి వేళ్ళు పుట్టి కొత్త మొక్క తయారవుతుంది. అందువలన మొక్కను కోసి ముక్కలను నీటిలోనే వదిలివేస్తే, అది తొలగించడం కాదు, నాటడమే అవుతుంది. కాలువల నిర్వహణలో తరచుగా జరిగే పొరపాటు ఇదే.

ఇతర దేశాల అనుభవాలు

ఈ సమస్యను మొదటగా విస్తృతంగా గమనించిన దేశాలలో ఇంగ్లండు ఒకటి. ఉత్తర అమెరికాకు చెందిన ఎలోడియా కెనడెన్సిస్ అనే నీటి మొక్కను బ్రిటన్‌లో 1842లో స్కాట్లండులోని డన్స్ కోట వద్దనున్న సరస్సులో, 1847లో ఇంగ్లండులోని ఫాక్స్‌టన్ లాకుల జలాశయంలో గుర్తించారు. కేంబ్రిడ్జి వృక్షోద్యానంలో పెంచుతున్న ఈ మొక్క తునక ఒకదానిని 1848లో పక్కనున్న కాలువలో వేశారు. అది 17వ శతాబ్దంలో పట్టణానికి మంచినీటి కోసం తవ్వినది. నాలుగు సంవత్సరాలు గడిచేసరికి ఆ మొక్క కామ్ నదిలో పడవలకు, చేపల వేటకు అడ్డంకిగా మారింది. ఈలీ పట్టణానికి చెందిన విలియం మార్షల్ ఈ కొత్త నీటి కలుపును గురించి 1852లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. బ్రిటన్‌లోని ఎలోడియా మొక్కలు దాదాపు అన్నీ ఆడ మొక్కలే. అంటే అక్కడి కాలువలన్నింటిలో అది పరచుకున్నది విత్తనాల వలన కాదు, తునకల వలన. కొన్ని దశాబ్దాల తరువాత దాని ఉధృతి తగ్గింది. కాని 1966లో దాని దగ్గరి జాతి ఎలోడియా నట్టల్లీ ప్రవేశించి, చాలాచోట్ల దాని స్థానాన్ని ఆక్రమించింది.

కెనడాలో ఐరోపాకు చెందిన ఫ్రాగ్‌బిట్ అనే తేలే మొక్కను 1932లో ఒటావా నగరంలోని ఒక వృక్షోద్యానానికి తెచ్చారు. 1939 నాటికి అది సమీపంలోని రీడో కాలువలో కనిపించింది. అక్కడి నుంచి సెయింట్ లారెన్స్ నదికి, పెద్ద సరస్సుల ప్రాంతానికి చేరింది.

సముద్రాలను కలిపే కాలువలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. సూయజ్ కాలువ 1869లో ప్రారంభమయింది. ఎర్ర సముద్రంలో, హిందూ మహాసముద్రంలో పెరిగే హాలోఫిలా స్టిపులేసియా అనే సముద్రపు గడ్డి 1894 నాటికి మధ్యధరా సముద్రంలో కనిపించింది. అదే మొక్క 2002లో కరీబియన్ సముద్రంలోని గ్రెనడా దీవి వద్ద కూడా బయటపడింది.

ఈ ఉదాహరణలలో ఒక పోలిక ఉన్నది. మొక్కను మొదట తెచ్చినవారు తోట కోసమో, చదువు కోసమో, అందం కోసమో తెచ్చారు. దానిని దూరాలకు చేర్చినది కాలువ.

గుర్రపుడెక్క

గుర్రపుడెక్క పాంటిడీరియేసి కుటుంబానికి చెందిన తేలే నీటి మొక్క. దీనిని చాలాకాలం ఐకార్నియా క్రాసిపెస్ అనే శాస్త్రీయ నామంతో పిలిచారు. ఇటీవలి వర్గీకరణలో పాంటిడీరియా క్రాసిపెస్ అంటున్నారు. దీని జన్మస్థానం దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతం. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు మార్షియస్ 1820లలో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. ఆకు గుర్రపు డెక్క ఆకారంలో ఉండటం వలన తెలుగులో ఈ పేరు వచ్చింది. ఆకు కాడ ఉబ్బి, లోపల గాలి గదులతో బెండులాగా ఉంటుంది. అందువలన మొక్క తేలుతుంది. లేత ఊదారంగు పూలు గుత్తులుగా పూస్తాయి. పై రేకు మీద పసుపు మచ్చ ఉంటుంది. ఈ పూల అందమే దీనిని దేశదేశాలకు తిప్పింది.

ఈ మొక్క రెండు విధాలుగా వృద్ధి చెందుతుంది. తల్లి మొక్క నుంచి పక్కకు సాగే తీగలాంటి పిలక చివర కొత్త మొక్క పుడుతుంది. అనుకూలమైన వెచ్చని నీటిలో ఒకటి రెండు వారాలలో ఇది తన విస్తీర్ణాన్ని రెట్టింపు చేసుకోగలదు. రెండు వారాలకు ఒకసారి రెట్టింపవుతుందని అనుకుంటే, ఒక చదరపు మీటరు మొక్కలు 20 వారాలలో పదిసార్లు రెట్టింపై 1,024 చదరపు మీటర్లు అవుతాయి. అంటే 10 మీటర్ల వెడల్పు గల కాలువలో 100 మీటర్ల పొడవు పూర్తిగా కప్పివేయబడుతుంది. ఒక సార్వా పంటకాలం కూడా దాదాపు అంతే. మొక్కలు కిక్కిరిసినపుడు ఈ వేగం తగ్గుతుంది గాని, జూన్‌లో చేటెడు మొక్కలను పట్టించుకోకపోతే నవంబరులో ఏమవుతుందో ఈ లెక్క తెలియజేస్తుంది.

రెండవ విధానం విత్తనం. పూలు వాడిన తరువాత కాడ వంగి విత్తనాలు నీటిలో పడతాయి. బురదలో అవి 15 నుంచి 20 సంవత్సరాల వరకు మొలకెత్తే శక్తిని కోల్పోకుండా ఉండగలవు. కాలువ ఎండిపోయినా మొక్క పూర్తిగా నశించినట్లు కాదు.

భారతదేశానికి ఈ మొక్క 19వ శతాబ్దం చివరలో బెంగాల్ ద్వారా వచ్చింది. తూర్పు బెంగాల్‌లోని నదీపాయలు, కాలువలు, వరి పొలాలు దీనితో నిండి, పడవల రాకపోకలకు, వ్యవసాయానికి తీవ్ర నష్టం కలిగింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దీనిని జర్మన్లు పంపారన్న వదంతి పుట్టి, కొందరు దీనిని జర్మన్ మొక్క అని కూడా పిలిచారు. ఎవరి స్థలంలో ఉన్న మొక్కను వారే తొలగించాలన్న నిబంధనతో బెంగాల్ ప్రభుత్వం 1936లో ప్రత్యేకంగా గుర్రపుడెక్క చట్టం చేసింది. ఒక మొక్క కోసమే ఒక చట్టం చేయవలసి వచ్చినదంటే సమస్య తీవ్రతను ఊహించవచ్చు.

కృష్ణా, గోదావరి డెల్టా కాలువలు

ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలై 1852లో పూర్తయింది. విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయింది. వాటి స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి, 1982లో ధవళేశ్వరం వద్ద కాటన్ బ్యారేజి పనిచేయడం ప్రారంభించాయి. ఈ రెండు చోట్ల నుంచి బయలుదేరే ప్రధాన కాలువలు, వాటి శాఖలు, పంట బోదెలు, మురుగు కాలువలు కలిసి తీరాంధ్రలో ఒక పెద్ద జలవలయంగా ఏర్పడినవి.

ఈ వలయంలో రెండు నదుల కాలువలు కలుస్తాయి. విజయవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ, గోదావరి నుంచి వచ్చే కాలువ ఏలూరు వద్ద చేరతాయి. దక్షిణాన కొమ్మమూరు కాలువ పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. ఒకప్పుడు కాకినాడ నుంచి మద్రాసు వరకు సరకుల పడవలు నడిచినది ఈ దారినే. పడవకు దారి ఉన్నచోట మొక్కకు కూడా దారి ఉంటుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి జలాలు పోలవరం కుడి కాలువ మీదుగా కృష్ణా నదికి చేరడం మొదలైంది. ఇటువంటి నదుల అనుసంధానం చేపట్టినపుడు నీటితో పాటు ప్రయాణించే మొక్కలను కూడా దృష్టిలో ఉంచుకోవలసి ఉంటుంది.

డెల్టాలో గుర్రపుడెక్క ఎక్కువగా కనిపించేది మురుగు కాలువలలో, ప్రవాహం మందగించిన శాఖా కాలువలలో, పట్టణాల గుండా పోయే భాగాలలో. విజయవాడ నగరం మధ్య నుంచి ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పోతున్నాయి. భీమవరం గుండా యనమదుర్రు డ్రెయిన్ ప్రవహిస్తుంది. పట్టణపు మురుగు కలిసిన చోట మొక్క మరింత ఏపుగా పెరుగుతుంది.

రెండు డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, అనేక మురుగు కాలువలు చేరతాయి. సరస్సు నుంచి సముద్రానికి నీరు పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. పై నుంచి కొట్టుకువచ్చిన గుర్రపుడెక్క సరస్సులోను, ఉప్పుటేరు వంతెనల వద్దను పేరుకుపోతుంది. ఈ మొక్క ఉప్పునీటిని తట్టుకోలేదు. సముద్రపు పోటు చేరే భాగంలో అది చనిపోతుంది. కాని అప్పటికే ఎగువన నీరు వెనక్కు తన్ని పొలాలు మునిగే అవకాశం ఉన్నది.

గట్ల మీది మొక్కలు

పరదేశి మొక్కలు నీటిలోనే కాక గట్లపైన కూడా పెరుగుతాయి. వాటిలో ముఖ్యమైనవి:

* లొట్టపీసు: ఉష్ణమండల అమెరికాకు చెందిన ఐపోమియా కార్నియా. గులాబీ రంగు గరాటు ఆకారపు పూలు పూస్తుంది. పశువులు సాధారణంగా ముట్టవు కాబట్టి దీనిని కంచెగా నాటేవారు. తిన్న మేకలకు, పశువులకు విషమవుతుంది. విరిగిన కొమ్మ తడి నేలపై పడితే వేళ్ళు వేస్తుంది. గట్టు నుంచి నీటిలోకి వాలి ప్రవాహాన్ని అడ్డుకుంటుంది.
* సర్కారు తుమ్మ: అమెరికా ఖండానికి చెందిన ప్రోసోపిస్ జూలిఫ్లోరా. భారతదేశంలో దీనిని తొలిసారిగా నాటిన చోట్లలో కడప జిల్లాలోని కమలాపురం ఒకటి. అక్కడ 1877లో అటవీశాఖ వారు వంటచెరకు కోసం నాటారు. కాయలను మేకలు, పశువులు తిని పేడ ద్వారా విత్తనాలను వెదజల్లుతాయి. వాననీరు, కాలువ నీరు కూడా కాయలను మోసుకుపోతాయి. దట్టంగా పెరిగినపుడు గట్టు మీద నడకదారి కూడా ఉండదు.
* వయ్యారిభామ: పార్థీనియం. భారతదేశంలో దీని విస్తరణను 1950ల మధ్యలో పూనా వద్ద గుర్తించారు. చిన్న తేలికపాటి విత్తనాలు గాలితోను, నీటితోను, వాహనాల చక్రాలకు అంటిన బురదతోను వ్యాపిస్తాయి. దీనిని తాకినవారికి చర్మవ్యాధులు, పుప్పొడి వలన ఉబ్బసం రావచ్చు.

గట్టు మీద ముళ్ళకంప పెరిగితే లస్కరు గట్టు వెంట నడవలేడు. నడవలేనపుడు గండి పడబోయే చోటు, తూము దగ్గర చేరిన మొక్కలు అతని కంటబడవు. ఈ విధంగా గట్టు మీది మొక్క నీటిలోని మొక్కకు తోడ్పడుతుంది.

నష్టాలు

సాగునీరు: మొక్కలు నిండిన కాలువలో నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే నీటిలోని ఒండ్రు అడుగున పేరుకుంటుంది. పూడిక పెరిగితే లోతు తగ్గి మొక్కలు మరింత పెరుగుతాయి. ఎగువన గట్టు అంచు వరకు నీరు కనిపిస్తుంది, దిగువన శివారు భూములకు నీరు అందదు. ఒకే కాలువ కింద ఎగువ రైతు నాట్లు ముగించే సమయానికి శివారు రైతు నారుమడికి నీటి కోసం ఎదురుచూడవలసి వస్తుంది. ఆలస్యంగా నాటిన పంట కోతకు వచ్చే సమయానికి తుపానుల కాలం వస్తుంది.

ముంపు: మురుగు కాలువ పని పొలంలో నిలిచిన నీటిని బయటకు పంపడం. వంతెన ఖానాలలో గుర్రపుడెక్క చిక్కుకుంటే అది తేలే ఆనకట్టలాగా పనిచేస్తుంది. భారీ వర్షాలలో వరి చేలు రోజుల తరబడి నీట మునిగి ఉంటాయి.

తాగునీరు: డెల్టాలోని సముద్రతీర ప్రాంతాలలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. అక్కడి గ్రామాలు కాలువ నీటిని మంచినీటి చెరువులలో నింపుకుని వేసవి అంతా వాడుకుంటాయి. దట్టమైన గుర్రపుడెక్క కింద నీటికి వెలుతురు, గాలి తగలవు. కుళ్ళిన మొక్కలు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. నీరు రంగు మారి దుర్వాసన వస్తుంది.

చేపలు, జలజీవులు: ప్రాణవాయువు తగ్గడం వలన చేపలు చనిపోతాయి. వల వేయడానికి, నాటు పడవ నడపడానికి చోటు ఉండదు. నీటి అడుగున పెరిగే స్వదేశీ మొక్కలు వెలుతురు లేక నశిస్తాయి.

ఆరోగ్యం: మాన్సోనియా జాతి దోమల పిల్లపురుగులు తేలే మొక్కల వేళ్ళలోకి సన్నని గొట్టం గుచ్చి గాలి తీసుకుంటాయి. నీటి పైకి రావలసిన అవసరం లేదు కాబట్టి నూనె చల్లినా అవి చావవు. ఈ దోమలు ఒక రకం బోదకాలు వ్యాధిని వ్యాపింపజేస్తాయి. కేరళలోని చేర్తల ప్రాంతం ఇందుకు ప్రసిద్ధి చెందిన ఉదాహరణ.

నివారణ పద్ధతులు

చేతితోను, యంత్రాలతోను తొలగించడం

ఇది అన్నిటికంటే పాత పద్ధతి. డెల్టాలో ఏటా వేసవిలో రబీ పంట ముగిసిన తరువాత మరమ్మతుల కోసం కాలువలు కట్టివేస్తారు. నీరు లేని ఆ కొద్ది వారాలు మొక్కలను తొలగించడానికి, పూడిక తీయడానికి అనువైన సమయం. అయితే ఈ మొక్కలో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది. నూరు కిలోల పచ్చి మొక్కను ఎత్తితే ఎండిన తరువాత మిగిలేది ఐదు నుంచి పది కిలోలు మాత్రమే. అందువలన దూరానికి తరలించడం ఖర్చుతో కూడిన పని. ఖర్చు తగ్గించడానికి గట్టు అంచునే కుప్పపోస్తే మొదటి వానకే కొంత తిరిగి కాలువలోకి జారుతుంది. కోసిన తునకలను దిగువకు వదిలితే దిగువ ఊరికి సమస్యను పంపినట్లవుతుంది. పని జరిగే చోటికి దిగువన వెదురు లేదా తాళ్ళతో అడ్డు కట్టి, తునకలను అక్కడ పట్టి పైకి తీయడం అవసరం.

రసాయనాలు

2,4-డి వంటి కలుపు మందులతో గుర్రపుడెక్కను చంపవచ్చు. కాని తాగునీటి కాలువలలో వీటిని వాడటం ప్రమాదకరం. మందు తుంపరలు గాలికి పోయి పక్క పొలాలలోని పత్తి, కూరగాయల పంటలను దెబ్బతీస్తాయి. ఒకేసారి చచ్చిన మొక్కలు కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును తగ్గిస్తాయి. బురదలోని విత్తనాలను ఈ మందులు ఏమీ చేయవు.

జీవ నియంత్రణ

మొక్క జన్మస్థానంలో దానిని తినే పురుగును తెచ్చి వదలడాన్ని జీవ నియంత్రణ అంటారు. వదిలే ముందు అది ఇతర పంటలను తినదని పరీక్షించి నిర్ధారిస్తారు. గుర్రపుడెక్కను తినే నియోకెటినా జాతి ముక్కు పురుగులు రెండు రకాలను 1980ల తొలి భాగంలో భారతదేశానికి తెచ్చి బెంగళూరు చెరువులలో వదిలారు. పెద్ద పురుగులు ఆకు పైపొరను గీకి తింటాయి. పిల్లపురుగులు కాడను తొలుస్తాయి. కొన్ని సంవత్సరాలలో అక్కడి కొన్ని చెరువులలో మొక్క గణనీయంగా తగ్గింది. నిలకడగా ఉన్న చెరువులో వచ్చిన ఫలితం పారే కాలువలో రావడం కష్టం. మొక్కలు కొట్టుకుపోయినపుడు, మనుషులు తొలగించినపుడు పురుగులు కూడా పోతాయి. ఎరువుల నీరు ఎక్కువగా ఉన్నచోట పురుగు తినే వేగం కంటే మొక్క పెరిగే వేగం ఎక్కువ.

కాలువలలో జీవ నియంత్రణ విజయవంతమైన సందర్భం కేరళలో ఉన్నది. బ్రెజిల్‌కు చెందిన సాల్వీనియా మొలెస్టా అనే తేలే మొక్కను కేరళీయులు ఆఫ్రికన్ పాయల్ అంటారు. దీనికి మొలకెత్తే విత్తనాలు గాని బీజాలు గాని ఉండవు. తునకల ద్వారా మాత్రమే వ్యాపించే ఈ మొక్క కుట్టనాడ్ కాలువలను, వరి పొలాలను కప్పివేసింది. 1980లలో సిర్టోబేగస్ సాల్వీనియే అనే ముక్కు పురుగును ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ మొక్క చాలావరకు తగ్గి, పడవల రాకపోకలు తిరిగి సాగాయి.

వినియోగం

గుర్రపుడెక్కతో కంపోస్టు ఎరువు, బయోగ్యాసు తయారు చేయవచ్చు. ఎండిన కాడలతో బుట్టలు, చాపలు, సంచులు అల్లుతారు. పుట్టగొడుగుల పెంపకంలో కూడా వాడతారు. ఈ మొక్క నీటిలోని భారలోహాలను పీల్చుకుంటుంది కాబట్టి కర్మాగారాల మురుగు కలిసే చోట పెరిగిన దానిని ఎరువుగా, మేతగా వాడకూడదు. వినియోగం తొలగింపు ఖర్చును కొంత తగ్గిస్తుంది. అది ఒక్కటే మొక్కను అదుపు చేయలేదు.

రాకుండా చూడటం

వచ్చిన మొక్కను తొలగించడం కంటే రాకుండా చూడటం సులభం. ఇంగ్లండులో 2014 ఏప్రిల్ నుంచి ఐదు రకాల పరదేశి నీటి మొక్కల అమ్మకాన్ని నిషేధించారు. కేరళలోని కోళిక్కోడ్ జిల్లా ఆవళ పాండి కాలువలో 2020లో కబోంబా అనే దక్షిణ అమెరికా మొక్క గులాబీ రంగు పూలతో నిండగా, చూడటానికి జనం తరలివచ్చారు. కొందరు మొక్కలను ఇళ్ళకు తీసుకుపోయారు. అవి ఇతర నీటి వనరులకు చేరే ప్రమాదం ఉన్నదని వృక్షశాస్త్రజ్ఞులు హెచ్చరించారు. నూటఇరవై సంవత్సరాల క్రితం గుర్రపుడెక్క వ్యాపించినది కూడా ఈ విధంగానే.

కొత్తగా వచ్చే మొక్కలను గుర్తించడం కూడా అవసరం. దక్షిణ అమెరికాకు చెందిన ఎలిగేటర్ వీడ్ భారతదేశంలో కొన్ని ప్రాంతాలలో ఉన్నది. ఇది మనకు తెలిసిన పొన్నగంటి కూరకు దగ్గరి జాతి. పోల్చుకోవడం తెలియకపోతే దానిని పొన్నగంటి అనుకుని వదిలివేసే అవకాశం ఉన్నది.

ఎవరి బాధ్యత

ఆంధ్ర ప్రదేశ్‌లో 1997లో చేసిన చట్టం ప్రకారం నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. కాలువల నిర్వహణలో రైతులకు భాగం కల్పించడం దీని ఉద్దేశం. కాని కాలువ అనేక గ్రామాల గుండా, పట్టణాల గుండా పోతుంది. ఒక ఊరి వారు తమ హద్దులో శుభ్రం చేసి, పై ఊరి వారు చేయకపోతే కొన్ని వారాలలో పరిస్థితి మళ్ళీ మొదటికి వస్తుంది. అందువలన పని ఎగువ నుంచి దిగువకు వరుసగా, కాలువ మొత్తాన్ని ఒకే యూనిట్‌గా తీసుకుని జరగాలి. దానితో పాటు మురుగు, చెరువుల వదులు నీరు శుద్ధి లేకుండా కాలువలో కలవకుండా చూడాలి. నీటిలో పోషకాలు తగ్గనంతకాలం తీసివేసిన మొక్క స్థానంలో మరొక మొక్క వస్తూనే ఉంటుంది.

వ్యక్తులు చేయగలిగినవి కూడా ఉన్నవి. అక్వేరియంలోని, ఇంటి కుండీలలోని నీటి మొక్కలను కాలువలోను, చెరువులోను పారవేయరాదు. వాటిని ఎండబెట్టి మట్టిలో పూడ్చవచ్చు. ఒక చెరువులో వాడిన వలలను, పడవలను కడిగి, ఆరబెట్టి మరొక చోట వాడాలి. పాఠశాలల విద్యార్థులు తమ ఊరి కాలువలో ఏ మొక్క ఏ నెలలో ఎంత మేర ఉన్నదో నమోదు చేయవచ్చు. కొత్త మొక్క చేటెడు ఉన్నప్పుడే గుర్తిస్తే నలుగురు మనుషులు ఒక పూటలో తీసివేయగలరు. అదే మొక్క కాలువ నిండిన తరువాత యంత్రాలు, నిధులు, సంవత్సరాల శ్రమ అవసరమవుతాయి.

ఇవి కూడా చూడండి

* గుర్రపుడెక్క
* కొల్లేరు సరస్సు
* ఆర్థర్ కాటన్
* ప్రకాశం బ్యారేజి
* బకింగ్‌హాం కాలువ
* వయ్యారిభామ